అద్దె వాయిదా వేరు, అద్దె సాయం వేరు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకి ఒక సంగతి రాశాను. కరోనా టైములో అద్దె కట్టలేనివాళ్లు రోడ్డున పడకుండా అమెరికాలో కౌంటీలు, నగరపాలక సంస్థలు వాళ్ల తరఫున ఇంటి ఓనర్లకే డబ్బు కట్టాయని. రెండే రెండు లైన్లు. దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే ఈ నెలంతా అదే సరిపోయేలా ఉంది. కరోనా పోయింది గానీ అప్పటి అద్దె బాకీలు, మాటపట్టింపులు మన ఊళ్లలో ఇంకా పోలేదన్నమాట. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు, వేయట్లేదు. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు. ప్లీడరు గుమాస్తాగా ఇరవై రెండేళ్లు తణుకు కోర్టు మెట్లు ఎక్కి దిగినవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను, కేసు దాకా వెళ్లేవాళ్లు మాత్రం కాగితాలన్నీ పట్టుకుని లాయరు దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: మా ఆయన పెళ్లిళ్లకి వంట చేస్తారండి. 2020 వేసవిలో చేతికొచ్చిన పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి, 2021లో మళ్లీ అదే కథ. రెండుసార్లూ కలిపి ఏడు నెలల అద్దె, నెలకి 3,500 చొప్పున 24,500 బాకీ పడ్డాం. ఆ తర్వాత నుంచి నెలనెలా సరిగ్గానే కడుతున్నాం. పెద్దాయన ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఇప్పుడు వాళ్లబ్బాయి దుబాయ్ నుంచి వచ్చి, పాత బాకీ వడ్డీతో సహా కట్టండి, లేకపోతే సామాన్లు బయట పెట్టిస్తా అంటున్నారు. అప్పట్లో అద్దె అడగకూడదని గవర్నమెంటే చెప్పింది కదండీ, మరి మేం కట్టాలా? (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: అమ్మా, ముందు ఆ గవర్నమెంటు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని చుట్టూనే తిరుగుతున్నాయి. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఆర్డరు ఇచ్చింది. వలస కూలీలతో సహా అద్దెకున్న పనివాళ్ల దగ్గర ఒక నెలపాటు అద్దె అడగొద్దు, కూలీల్ని గానీ చదువుకునే పిల్లల్ని గానీ ఖాళీ చేయమని బలవంతపెడితే చర్య తీసుకుంటాం అని అందులో ఉంది. ఒక్క నెల, అంతే. ఆ ఆర్డరు కూడా మే 18 నుంచి అమల్లో లేకుండా పోయింది. మాఫీ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇప్పుడు అడగొద్దు అన్నారు గానీ, ఎప్పటికీ కట్టక్కర్లేదని అనలేదు. టీవీలో స్క్రోలింగు చూసి మనమే అలా అర్థం చేసుకున్నాం, అందులో మీ తప్పేమీ లేదు, మా వీధిలో చదువుకున్నవాళ్లు కూడా అలాగే అనుకున్నారు.

కాబట్టి బాకీ బాకీయే. అయితే అద్దె బాకీకి కోర్టులో దావా వేయడానికి గడువు మూడేళ్లు. కరోనా వల్ల సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకూ ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేసింది, అంటే మీ ఏడు నెలలకీ లెక్క 2022 మార్చి 1 నుంచి మొదలైనట్టు, మూడేళ్లంటే 2025 ఫిబ్రవరి ఆఖరుతో అయిపోయినట్టు. మధ్యలో మీ ఆయన బాకీ ఉన్నామని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారా, ఆ బాకీ కింద అని చెప్పి కొంత కట్టి రసీదు తీసుకున్నారా? అలాంటివి ఉంటే గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ఈ ఒక్క విషయం లాయరుకి కచ్చితంగా చెప్పండి. వడ్డీ మాటకొస్తే, ముందు అనుకోని వడ్డీ ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందని అడగండి.

ఇక సామాన్లు బయట పెట్టించడం. అది ఎవరి చేతిలోనూ లేదు, సొంత ఇల్లయినా సరే. నెలవారీ అద్దెని ఆపాలంటే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పటికీ మీరు కదలకపోతే ఆయన కోర్టుకి వెళ్లాలి. తాళం వేయడం, కరెంటు పీకేయడం, మోటారు ఆపేసి నీళ్లు రాకుండా చేయడం, ఇవన్నీ మన దగ్గర మామూలుగా జరిగేవే గానీ చట్టం ఒప్పుకునేవి కావు. అలా బలవంతాన బయటికి నెడితే ఆరు నెలల్లోపు కోర్టుకి వెళ్లి, ఇల్లు ఎవరిదన్న గొడవతో సంబంధం లేకుండా, ముందు నన్ను మళ్లీ లోపల పెట్టండని అడగొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

ఇంతా చెప్పి ఇంకో మాట. గడువు అయిపోయిందని కోర్టులో గెలవొచ్చు గానీ, పెద్దాయన అన్నేళ్లు మిమ్మల్ని ఒక్క మాట అనకుండా ఆగారు కదమ్మా. ఆ అబ్బాయితో కాదు, పెద్దాయనతోనే కూర్చుని, నెలకి ఐదొందలో వెయ్యో అద్దెతో కలిపి ఇస్తామని చెప్పండి. కాకపోతే ఆ ఒప్పందాన్ని కాగితం మీద పెట్టే ముందు పైన చెప్పిన గడువు సంగతి గుర్తుపెట్టుకోండి, సంతకం పెట్టాక అది మళ్లీ నిలబడే బాకీ అయిపోతుంది. ఇవ్వాలని నిజంగా అనుకుంటేనే పెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. తెలంగాణలో కరోనా అప్పుడు మూడు నెలల అద్దె మాఫీ చేశారు, మన దగ్గరే చేయలేదు అంటాడు. నిజమేనా? (ఒక పాఠకుడు, అత్తిలి)

జవాబు: మాఫీ కాదండి, వాయిదా. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మార్చి నుంచి మూడు నెలల అద్దె వసూలు ఆపమని, తర్వాత వాయిదాల్లో వడ్డీ లేకుండా తీసుకోమని ఓనర్లకి చెప్పింది. మహారాష్ట్రలోనూ అదే నెలలో దాదాపు అలాంటిదే ఇచ్చారు. మీ తమ్ముడు నిజంగా మూడు నెలలూ కట్టకుండా ఊరుకున్నాడంటే వాళ్ల ఓనరు మంచివాడన్నమాట.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు టెక్సాస్‌లో ఉంటారండి. వాళ్ల పక్క ఫ్లాటులో రెస్టారెంటులో పనిచేసే ఆవిడకి ఉద్యోగం పోతే కరోనా టైములో చాలా నెలల అద్దె గవర్నమెంటే కట్టిందట, పైగా కరెంటు బిల్లు కూడా. మీరు రాసింది చదివాక నమ్మకం కుదిరింది. అసలు అది ఎలా చేశారు? మన మున్సిపాలిటీ వాళ్లు కుళాయి కనెక్షనుకే ఆర్నెల్లు తిప్పుతారు, అద్దె ఎక్కడ కడతారు గానీ, ఎలా జరిగిందో తెలుసుకోవాలని. (ఒక పాఠకురాలు, మండపేట)

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదేనండి, కొంచెం పొడుగ్గా చెప్తాను, టీ పెట్టుకుని కూర్చోండి.

అక్కడ రెండు పనులు జరిగాయి, రెండూ వేరువేరు. మొదటిది, ఖాళీ చేయించకుండా ఆపడం. 2020 మార్చి ఆఖర్లో వచ్చిన కేర్స్ చట్టంతో ప్రభుత్వ సాయం ఉన్న ఇళ్ల వరకూ ఆపారు, ఆ తర్వాత సెప్టెంబరులో రోగాల నియంత్రణ చూసే సీడీసీ సంస్థ దేశమంతటికీ ఆర్డరు ఇచ్చింది. దాని వెనక లెక్క ఏంటంటే, ఇల్లు పోయినవాళ్లు చుట్టాల ఇళ్లలోనో షెల్టర్లలోనో ఒకరి మీద ఒకరు పడి ఉంటారు, అంటుకునే రోగం ఇంకా పెరుగుతుంది అని. ఇది మన హోం శాఖ ఆర్డరు లాంటిదే, కాకపోతే ఎక్కువ కాలం నడిచింది. 2021 ఆగస్టు 26న అక్కడి సుప్రీంకోర్టు, సీడీసీకి ఆ అధికారం లేదని కొట్టేసింది.

రెండోది అసలు సంగతి. ఎన్నాళ్లు ఆపినా బాకీ పెరుగుతూనే ఉంటుంది కదా, ఆపడం ఎత్తేసిన రోజున ఏడాది బాకీ ఒకేసారి నెత్తిన పడుతుంది. అందుకని 2020 డిసెంబరులో 25 బిలియన్ డాలర్లు, అంటే 2,500 కోట్ల డాలర్లు, తర్వాత 2021 మార్చిలో ఇంకో 2,155 కోట్ల డాలర్లు అద్దె సాయానికే విడిగా పెట్టారు. డబ్బు కేంద్రానిది, పంచింది మాత్రం రాష్ట్రాలు, కౌంటీలు, పెద్ద నగరాలు. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్తులాంటిది అనుకోండి, సరిగ్గా అదే కాదు గానీ. ఎవరికి ఇవ్వాలి? ఆ ప్రాంతంలో మధ్యరకం కుటుంబానికి ఉండే ఆదాయంలో 80 శాతానికి మించకూడదు, కరోనా వల్ల ఆదాయం తగ్గి ఉండాలి, ఇల్లు పోయే ప్రమాదం ఉండాలి. అందులోనూ ఆ మధ్యరకం ఆదాయంలో సగానికి మించనివాళ్లకి, మూడు నెలలుగా పని లేనివాళ్లకి ముందు. మొదటి విడతలో పాత బాకీ, రాబోయే అద్దె కలిపి 12 నెలలు, అవసరమైతే ఇంకో మూడు, రెండు విడతలూ కలిపి 18 నెలల దాకా ఇవ్వొచ్చు. కరెంటు, నీళ్లు, గ్యాసు బిల్లులు కూడా. డబ్బు మామూలుగా నేరుగా ఓనరుకే వెళ్తుంది, ఓనరు మాకొద్దు అన్నా పలకకపోయినా అద్దెకున్నవాళ్ల చేతికిస్తారు.

వినడానికి బాగుంది కదా. ఇప్పుడు మీ కుళాయి కనెక్షను దగ్గరికి వద్దాం. 2021 జులై ఆఖరుకి చూస్తే మొత్తం 4,600 కోట్ల డాలర్లకి పైగా ఉన్నదాంట్లో జనానికి చేరింది 510 కోట్లు, అంటే నూటికి పదకొండు. అమెరికాలోనండి! కారణం కాగితాలే. జీతం స్లిప్పు తే, అగ్రిమెంటు తే, ఓనరు సంతకం తే, ఉద్యోగం పోయిందని ఉత్తరం తే. నెలకి ఇంతని చేతికి తీసుకునే వంటావిడ జీతం స్లిప్పు ఎక్కడినుంచి తెస్తుంది? ఆఖరికి అక్కడి ఖజానా శాఖ వాళ్లే, మనిషి సంతకం పెట్టి చెప్తే నమ్మి ఇచ్చేయండి అని కింది ఆఫీసులకి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతే డబ్బు కదిలింది. మీ అమ్మాయి పక్కింటావిడకి అంత సాఫీగా అందిందంటే ఆవిడ అదృష్టం కొంత, అక్కడ కౌంటర్లో కూర్చున్న మనిషి మంచితనం కొంత.

మన దగ్గర ఎందుకు జరగలేదు అని మీరు అడగలేదు గానీ నాకే చెప్పాలనుంది. 2020 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో బియ్యం కార్డు ఉన్న కుటుంబాలకి వెయ్యి రూపాయలు వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు, గుర్తుందా? యాభై ఇళ్లకి ఒక మనిషి, గుమ్మం దాకా డబ్బు. అమెరికా దగ్గర లేనిది అప్పుడు మన దగ్గర ఉండేదన్నమాట, ఇంటింటికీ తిరిగే మనిషి. లేనిది ఏంటంటే, ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారు, ఎంతకి ఉన్నారు అన్న లెక్క. పైగా అద్దెకుండేవాళ్ల కార్డు చాలామందికి సొంతూళ్లోనే ఉంటుంది. కార్డు మొగల్తూరులో, మనిషి భీమవరంలో గది అద్దెకి తీసుకుని రొయ్యల ప్లాంటులో. లాక్‌డౌన్‌లో అక్కడికి వెళ్లలేడు, ఇక్కడ లిస్టులో పేరు లేదు.

ప్రశ్న: మీరందరూ అద్దెకున్నవాళ్ల కష్టాలే రాస్తారు. నాకు పెన్షన్ లేదు, మావారు పోయాక కాకినాడలో రెండు వాటాలు అద్దెకిచ్చి ఆ డబ్బుతోనే మందులు, కూరలు. కరోనాలో ఇద్దరూ ఐదు నెలలు ఇవ్వలేదు. ఒకాయన చెప్పకుండా రాత్రికి రాత్రి ఖాళీ చేసి వెళ్లిపోయాడు, మూడు నెలల కరెంటు బిల్లు కూడా నా నెత్తిన. ఓనరంటే డబ్బున్నవాడని మీకెవరు చెప్పారు? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: తిట్టినా సరే, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం పిన్నిగారూ. నేను కూడా ఓనర్నే, అది చెప్పకుండా ఇన్నాళ్లూ ఈ పేజీ నడుపుతున్నందుకు కొంచెం సిగ్గుగానే ఉంది. మా అత్తగారిల్లు ఆచంటలో ఉంది, కింద వాటాలో టైలరు ఉండేవాడు. 2020 జూన్‌లో నేను వెళ్లి అద్దె అడిగాను. రెండు నెలలు ఊరుకున్నాం కదా అని నా లెక్క. ఆయన లోపలికెళ్లి ఒక ఐదొందల నోటు, జాకెట్టు ముక్కలతో కుట్టిన మాస్కులు ఒక సంచీడు తెచ్చి ముందు పెట్టాడు. ఆ మాస్కులు మా బంధువులందరికీ పంచి ఎనిమిది వందలు అద్దెలో కొట్టేశాం. ఇప్పటికీ ఆ లెక్క సరిగ్గానే వేశానా లేక తక్కువ వేశానా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మీ ఉత్తరంలో ఉన్న అసలు పాయింటు వేరే. ప్రభుత్వం అద్దె అడగొద్దు అన్నప్పుడు ఆ సాయం ఎవరి జేబులోంచి వచ్చింది? మీ జేబులోంచి. ఢిల్లీలో కూర్చుని ఆర్డరు ఇచ్చినవాళ్లకి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. బ్యాంకు లోను పెట్టి ఇల్లు కట్టుకున్న ఓనర్లకైనా రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కంతులు ఆపుకోవచ్చని చెప్పింది, వడ్డీ మాత్రం నడిచింది. లోను లేకుండా, వచ్చే అద్దె మీదే బతికే మీలాంటివాళ్లకి అది కూడా లేదు. అందుకే నేను వాయిదా వేరు, సాయం వేరు అంటాను. వాయిదా వేస్తే ఒక పేదవాడి బరువు ఇంకో మధ్యతరగతివాడి మీదకి జరుగుతుంది. సాయం అంటే ఆ అద్దె ఎవరో ఒకరు నిజంగా కట్టాలి, అది ఓనరుకి చేరాలి. అమెరికావాళ్లు ఓనరు ఖాతాలోకే వేసింది అందుకే.

చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లినాయన బాకీ సంగతి వదిలేయండి. కరెంటు మీటరు ఎలాగూ మీ పేరునే ఉంటుంది కాబట్టి ఇకముందు వచ్చేవాళ్ల దగ్గర రెండు నెలల అడ్వాన్సు తీసుకోండి, 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కూడా ఇళ్లకి రెండు నెలలకి మించొద్దనే ఉంది, అంతకన్నా ఎక్కువ అడిగితే మంచివాళ్లు రారు. అద్దె ఫోన్‌పేలో వేయించుకుని ఏ నెలదో రాయమనండి. రేపు ఏదైనా సాయం వచ్చినా, గొడవ వచ్చినా ఇద్దరికీ అదే రుజువు.

ప్రశ్న: నేను నర్సుని. 2020లో కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారని తెలిసి ఇంటి ఓనరుగారు రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు, చేసేశాను. ఇప్పుడు అడిగి లాభం లేదని తెలుసు, కానీ అప్పుడు నాకు హక్కు ఉండేదా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఉండేదమ్మా. మీలాంటి ఫిర్యాదులు దేశమంతా వచ్చాయి, ఢిల్లీలో ఎయిమ్స్ డాక్టర్లు 2020 మార్చిలోనే కేంద్ర హోం మంత్రికి రాశారు. ఏప్రిల్ 22న అంటువ్యాధుల చట్టాన్ని మారుస్తూ ఆర్డినెన్సు వచ్చింది. అందులో ఆరోగ్య సిబ్బంది మీద హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు, ఉండేచోటా పనిచేసేచోటా బతకనీయకుండా వేధించడం కూడా. మామూలు కేసులకి మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పెట్టారు. ఆ ఓనరుగారి ఇంట్లో ఎవరికైనా తర్వాత కరోనా వచ్చి ఉంటే సెలైన్ పెట్టింది కూడా మీలాంటి మనిషే అయ్యుంటుంది. ఇది మాత్రం చట్టం మాట కాదు, నా కడుపుమంట.

ప్రశ్న: అమలాపురంలో ఫ్యాన్సీ షాపు. లాక్‌డౌన్‌లో షట్టర్ ఎత్తలేదు కదా, ఎత్తని నెలలకి అద్దె ఎందుకివ్వాలి అని నా వాదన. ఓనరుతో మాటలు లేవు ఇప్పుడు. (ఒక వ్యాపారి)

జవాబు: మీ వాదన ఢిల్లీ హైకోర్టులో 2020 మేలోనే ఒకాయన వినిపించాడు, ఖాన్ మార్కెట్లో షాపు ఆయనది. ఒప్పందంలో అలాంటి విపత్తు వస్తే అద్దె ఆగుతుందని రాసుకుంటే సరే, రాసుకోకపోతే షాపు మీ స్వాధీనంలో ఉన్నన్నాళ్లూ అద్దె కట్టాల్సిందే అన్నారు, కట్టడానికి కొంచెం టైము మాత్రం ఇచ్చారు. మనది ఆ కోర్టు కాదు నిజమే, అయినా ఆ దారిలో మీ కేసు గెలుస్తుందని నేను డబ్బులు ఖర్చుపెట్టించను. తాంబూలం పట్టుకెళ్లి మాట కలపండి.

ప్రశ్న: రాజోలు దగ్గర ఒక పంచాయతీలో వార్డు మెంబర్ని. వచ్చేసారి ఇలాంటిది వస్తే, రాకూడదనుకోండి, అద్దె కట్టలేనివాళ్లకి పంచాయతీ తరఫున ఏదైనా చేయగలమా? వరదలప్పుడు మేం చేస్తాం, లారీల్లో పులిహోర పొట్లాలు కూడా పంచుతాం. అద్దె అనేసరికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. (ఒక వార్డు మెంబరు)

జవాబు: మెంబరుగారూ, డబ్బు దగ్గర మొదలుపెడితే మీ పంచాయతీ కట్టలేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. పదిహేనో ఆర్థిక సంఘం లెక్కలో 2021 నుంచి వచ్చిన గ్రాంటులో నూటికి అరవై తాగునీటికి, పారిశుద్ధ్యానికే. మిగతా నలభైలో మీ రోడ్లు, డ్రైన్లు, వీధిలైట్లు. ఇంటి పన్నులో ఎంత మిగులుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. అమెరికాలో కౌంటీలు కూడా సొంత డబ్బుతో చేయలేదని పైన చెప్పాను కదా. డబ్బు పైనుంచి రావాలి, ఎవరికివ్వాలో కిందివాళ్లకి తెలియాలి.

పైనుంచి రావడానికి దారి ఉందా అంటే, ఉందనే నా అభిప్రాయం. 2020 మార్చి 14న కేంద్రం కరోనాని విపత్తుగా లెక్కకట్టి రాష్ట్ర విపత్తు నిధిని వాడుకోమంది, ఆ నెల 28న వలస కూలీల తిండికి, తాత్కాలిక బసకి కూడా వాడొచ్చంది. అంటే మనిషిని బయటికి పంపేశాక స్కూల్లో పడుకోబెట్టి భోజనం పెట్టడానికి డబ్బుంది, ఉన్న గదిలోనే ఉంచడానికి లేదు. వరదొచ్చి గుడిసె పడిపోతే ఇంతని రేటు ఉంది, గది నిలబడే ఉండి అద్దె లేక మనిషి బయటపడితే రేటు లేదు. ఆ జాబితాలో అద్దెని కూడా ఒక లైనుగా చేర్చమని మీ ఎమ్మెల్యేని, ఎంపీని అడగండి. ప్రెస్ మీట్లో చెప్పించుకుంటే మాత్రం సరిపోదు. అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ 2020 మార్చి 29న, పేదలు కట్టలేని అద్దె ప్రభుత్వమే కడుతుందని మైకులో చెప్పారు. పథకం రాలేదు. కొందరు కోర్టుకి వెళ్తే 2021 జులై 22న ఢిల్లీ హైకోర్టు జడ్జి, ముఖ్యమంత్రి ఇచ్చిన మాట ఊరికే పోదు, దాని మీద ఆరు వారాల్లో నిర్ణయం తీసుకోండి అన్నారు. వినగానే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సెప్టెంబరులో పై బెంచి దానికి స్టే ఇచ్చింది. జీవో లేని మాట గతి అది.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది, ఇప్పుడే చేయదగ్గది, ఖర్చు లేనిది. సచివాలయంలో ఒక పుస్తకం పెట్టండి. డోరు నంబరు, అద్దెకున్నవాళ్ల పేరు, కార్డు ఏ ఊళ్లో ఉంది, అద్దె ఎంత, ఓనరు బ్యాంకు ఖాతా. ఓనర్లు చెప్పరు అంటారు, నాకు తెలుసు, అద్దె ఎంతో చెప్తే ఇంటి పన్ను పెంచుతారని భయం. ఆ భయానికి అర్థం ఉంది, మున్సిపాలిటీల్లో ఎప్పటినుంచో ఏడాదికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీదే పన్ను వేసేవారు. ఒక్కసారి ఆలోచించండి, 2020 లాక్‌డౌన్ నాటికి ప్రతి మున్సిపాలిటీలో ప్రతి ఇంటికీ అద్దె అంచనా రిజిస్టరులో రాసి ఉంది! పన్నుకి వాడారు గానీ సాయానికి వాడొచ్చని ఎవరికీ తట్టలేదు. 2021 నుంచి మున్సిపాలిటీల్లో ఆస్తి విలువ మీద వేస్తున్నారు కాబట్టి అక్కడ అద్దె దాచి ఇప్పుడు ఓనరుకి పెద్దగా మిగిలేదేమీ లేదు, పంచాయతీలో మీరు మాట ఇచ్చి ఒప్పించుకోవాలి. ఖాతా నంబరు ఎందుకంటే, డబ్బు మీకే వస్తుందని చెప్తే వాళ్లే పేరు రాయించుకుంటారు.

ఇంకోటి, కాగితాలు ఎక్కువ అడక్కండి. రాజోలు సంతలో చేపలమ్ముకునే ఆవిడ దగ్గర జీతం స్లిప్పు ఉండదు. ఆవిడ సంతకమో వేలిముద్రో, మీ సాక్షి సంతకం, ఓనరు ఔనన్న మాట చాలు. అందులో నలుగురు అబద్ధం చెప్తారు, చెప్పనివ్వండి.

ప్రశ్న: ఓనరుగారు ఆషాఢంలో ఖాళీ చేయమంటున్నారు. ఆషాఢంలో ఇల్లు మారకూడదు కదా, ఆ పేరు చెప్పి ఆపొచ్చా? (ఒక పాఠకుడు, పెనుగొండ)

జవాబు: చట్టానికి ఆషాఢం తెలీదు, 15 రోజుల నోటీసు తెలుసు. కానీ ఆ నెలలో కొత్తగా వచ్చి పాలు పొంగించేవాళ్లు ఎవరుంటారు, మీరు వెళ్తే ఆయన ఇల్లు శ్రావణం దాకా ఖాళీగానే ఉంటుంది. ఆ లెక్క ఆయనకి నెమ్మదిగా గుర్తుచేయండి.